లక్ష రూపాయల పల్చటి లాప్‌టాప్ కొనాలా? హాస్టల్ పిల్లల లెక్క



కాలేజీలు తెరిచినప్పటి నుంచి మన గ్రూపులో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తా ఉంది. "లాప్‌టాప్ కొనాల. మాక్‌బుక్ ఎయిర్ లాంటి పల్చటిది కొంటే మంచిదా, మామూలుది చాలా?" హిందూపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివే తమ్ముడు అడిగినాడు. పెనుకొండ పక్క నుంచి డిప్లొమా పిల్లోడు అడిగినాడు. ధర్మవరం నుంచి బీకాం చెల్లెలు అడిగింది. కింద వచ్చిన జవాబులు చూస్తే రెండే రకాలు. ఒకటి, "కొనెయ్ బ్రో, లైఫ్ సెట్". రెండోది, "మనకెందుకప్పా అంత పెద్దవి".

ఈ రెండూ నాకు నచ్చలేదు. మొదటి మాట చెప్పినోళ్లు దుడ్లు లెక్కపెట్టలేదు. రెండో మాట చెప్పినోళ్లు మనల్నే తక్కువగా లెక్కపెట్టినారు. తాండా పిల్లోని చేతిలో మంచి వస్తువు ఉంటే తప్పేం లేదు. కొనాలా వద్దా అనేది కులం చూసి, ఊరు చూసి తేల్చే సంగతి కాదు. పని చూసి, చేతిలో ఉన్న దుడ్లు చూసి, పాడైతే ఎవరు బాగుచేస్తారో చూసి తేల్చాల.

నా అభిప్రాయం ముందే చెప్తా. ఆ లాప్‌టాప్ నిజంగానే మంచిది. దాంట్లో ఉండే కొన్ని గుణాలు ఉన్నోళ్ల పిల్లల కంటే మన హాస్టల్ పిల్లలకే ఎక్కువ పనికొస్తాయి. అయినా అప్పు చేసి కొనొద్దు. ఎందుకంటే అది పాడైనప్పుడు వచ్చే ఖర్చు, కొనేటప్పుడు పెట్టే ఖర్చు కంటే మనల్ని ఎక్కువ దెబ్బ కొడుతుంది. ఇది ఎట్లనో ఒక్కొక్కటి చూద్దాం.

1. మంచి ఏముంది

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మాక్‌బుక్ ఎయిర్‌ను కాగితాల కవర్లో నుంచి తీసి చూపించినాడు. అప్పుడు దాని ధర 1,799 డాలర్లు. సీడీ డ్రైవ్ లేదు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంది. విమానాల్లో తిరిగే ఆఫీసర్ల కోసం చేసిన వస్తువు అది. ఆ తర్వాత డెల్, హెచ్‌పీ, లెనోవో, ఆసుస్ అందరూ అదే దారి పట్టినారు. ఇప్పుడు మనం అడుగుతా ఉండేది వాటి గురించే. పోల్చడానికి ఒకటి ఉండాల కాబట్టి 2025 మార్చిలో వచ్చిన ఎం4 మాక్‌బుక్ ఎయిర్‌ను తీసుకుందాం. 13 అంగుళాలది 1.24 కిలోలు, మందం 1.13 సెంటీమీటర్లు. విడుదల ధర 99,900 రూపాయలు, విద్యార్థులకు 89,900.

బరువు: సీనియర్ల దగ్గర ఉండే గేమింగ్ లాప్‌టాప్ రెండు కిలోలు దాటుతుంది, దాని చార్జర్ ఇంకో అర కిలో. శనివారం హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగి, బస్సు పట్టుకుని, రోడ్డు మీద దిగినాక తాండాకు నడిచిపోయే వాళ్లకు ఈ తేడా భుజానికే తెలుస్తుంది. కారులో తిరిగేవాళ్లకు కిలో ఎక్కువైనా తక్కువైనా ఒకటే.

బ్యాటరీ: మనకు అన్నిటికంటే పెద్ద లాభం ఇదే. మా రూములో పదిమందికి రెండు ప్లగ్గులు. రాత్రి పూట ఫోన్లకే వరస ఉంటుంది. బ్రౌజింగ్ మీద 15 గంటలు, వీడియో మీద 18 గంటలు వస్తాదని కంపెనీ చెప్తుంది. అంత రాకపోయినా, అందులో సగం వచ్చినా, ఒక రోజు చదువు ప్లగ్గు లేకుండా అయిపోతుంది. ఇంకో సంగతి. దాని బ్యాటరీ 53.8 వాట్ అవర్లు. అంటే ఒక యూనిట్ కరెంటుతో, వృథా పోయేది తీసేసినా, దాదాపు 15 సార్లు నింపొచ్చు. "లాప్‌టాప్‌ల వల్ల కరెంటు బిల్లు పెరుగుతాంది" అని కేకలేసే వార్డెన్లకు ఈ లెక్క చూపించండి.

ఎక్కువ ఏళ్లు వస్తుంది: 2020 నవంబరులో వచ్చిన ఎం1 ఎయిర్‌కు 2025లో వచ్చిన కొత్త మాక్ సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చినారు. ఐదేళ్ల తర్వాత కూడా అది బాగానే పనిచేస్తా ఉంది, అమ్మితే విలువ కూడా ఉంది. 40 వేలు పెట్టి కొన్న నాసిరకం లాప్‌టాప్ మూడేళ్లకు హింజ్ విరిగి మూల పడితే ఏడాదికి 13 వేలు పైన పడినట్టు. 90 వేలది ఆరేళ్లు వస్తే ఏడాదికి 15 వేలు. పెద్ద తేడా లేదు కదా అనిపిస్తుంది.

ఇంతవరకు వింటే కొనాలనే అనిపిస్తుంది. నిజమే. అయితే ఏడాదికి 15 వేలు అనే లెక్క ఎవరికి సరిపోతుంది? మొదటి రోజే 90 వేలు కట్టగలిగినోళ్లకు, ఆరేళ్ల మధ్యలో ఒకసారి పగిలితే బాగుచేయించుకోగలిగినోళ్లకు. ఆ రెండూ లేనోళ్లకు ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది.

2. పల్చగా ఉండేదానికి మనం కట్టే ధర

పల్చగా చేయాలంటే కొన్ని తీసేయాల, కొన్ని అతికించేయాల. ఏం తీసేసినారు, ఏం అతికించినారు అనేది కొనేముందు తెలుసుకోవాల.

ర్యామ్, స్టోరేజి మార్చలేం: రెండూ లోపల బోర్డుకే అతికించి ఉంటాయి. మామూలు లాప్‌టాప్‌లో 8 జీబీ చాలకపోతే రెండేళ్ల తర్వాత ఇంకో ర్యామ్ కొని వేసుకోవచ్చు. ఇందులో కొనే రోజు ఏది తీసుకుంటే చివరి దాకా అదే. మనం చేతిలో కొంచెం దుడ్లు చేరినప్పుడల్లా కొంచెం కొంచెం పెంచుకునే మనుషులం. ఇల్లు కూడా అట్లనే కడతాం, ఈ ఏడు గోడలు, వచ్చే ఏడు స్లాబు. ఈ వస్తువు అట్ల ఒప్పుకోదు. పైగా బోర్డు పోతే లోపల ఉండే ప్రాజెక్టులు, సర్టిఫికెట్ల స్కాన్లు కూడా దాంతోనే పోతాయి. బోర్డు నుంచి స్టోరేజి విప్పి వేరే దాంట్లో పెట్టుకునే వీలు లేదు.

పోర్టులు: రెండు యూఎస్‌బీ-సీ, చార్జింగుకు ఒకటి, ఇయర్‌ఫోన్‌కు ఒకటి. అంతే. మామూలు పెన్‌డ్రైవ్ పట్టదు. ప్రొజెక్టర్ కేబుల్ పట్టదు. హిందూపురంలో యాడ జిరాక్స్ అంగడికి పోయినా పెన్‌డ్రైవే అడుగుతారు. కాబట్టి ఇంకో అడాప్టర్ కొనాల, దాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాల.

దుమ్ము: పల్చదనం కోసం ఆపిల్ 2015లో బటర్‌ఫ్లై అనే కొత్త రకం కీబోర్డు తెచ్చింది. కీల కింద చిన్న దుమ్ము కణం పడినా అక్షరం పడకపోవడం, లేదా ఒకటి నొక్కితే రెండు పడటం మొదలైంది. 2018లో కంపెనీయే ఉచితంగా బాగుచేసే కార్యక్రమం పెట్టాల్సి వచ్చింది. అమెరికాలో కోర్టు కేసు నడిచి, 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2020 ఎయిర్ నుంచి ఆ కీబోర్డు తీసేసినారు. కానీ సెకండ్ హ్యాండ్‌లో 2018, 2019 ఎయిర్‌లు ఇంకా తిరుగుతా ఉంటాయి. "మాక్‌బుక్ 25 వేలకే" అని ఎవరైనా చూపిస్తే ముందు ఏ సంవత్సరందో అడగండి. మన జిల్లా గాలికి, మన దుమ్ముకు ఆ కీబోర్డు నిలబడదు.

ఎండ: ఈ లాప్‌టాప్‌లో ఫ్యాన్ లేదు. శబ్దం రాదు, దుమ్ము పీల్చదు, అది మంచిదే. కానీ బరువైన పని గంటల తరబడి చేస్తే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. కంపెనీ సొంత లెక్కల్లోనే వాడాల్సిన చోటు వేడి 10 నుంచి 35 డిగ్రీలు అని రాసి ఉంది. ఏప్రిల్ నెలలో ధర్మవరంలో రేకుల కింద, మధ్యాహ్నం మూడు గంటలకు 35 డిగ్రీలు యాడ ఉంటాది చెప్పండి? నలభై దాటుతుంది. దాన్ని గీసిన వాళ్ల కళ్ల ముందు ఏసీ గది ఉంది, మన గది లేదు.

స్క్రీన్: మూసినప్పుడు స్క్రీన్‌కు, కీబోర్డుకు మధ్య సందు చాలా తక్కువ. కెమెరా మీద అంటించుకునే చిన్న మూత ఉన్నా మూయొద్దని, స్క్రీన్ పగలొచ్చని 2020లో కంపెనీయే హెచ్చరించింది. మన దగ్గర లాప్‌టాప్ యాడ పెడతాం? ట్రంకు పెట్టెలో బట్టల మధ్య, దాని మీద పుస్తకాలు, దాని పక్కన చెంబు. కీబోర్డు మీద ఒక ఇయర్‌ఫోన్ మర్చిపోయి మూసినా చాలు.

నీళ్లు: ఏడాది వారంటీలో నీళ్లు పడితే వచ్చే నష్టం ఉండదు. ఆపిల్‌కేర్ ప్లస్ అని విడిగా దుడ్లు కట్టి తీసుకోవచ్చు, అప్పుడు కూడా ప్రతి ప్రమాదానికి కొంత కట్టాల్సిందే. మామూలు విండోస్ లాప్‌టాప్ కీబోర్డు పోతే మన ఊరి రిపేరు అంగట్లోనే రెండు మూడు రోజుల్లో మార్చి ఇస్తారు. దీనికి నేను కనుక్కున్న అంగళ్లలో అందరూ చెప్పింది ఒకటే: "బెంగళూరు పోవాల". అంటే రైలు చార్జీ, ఒక రోజు క్లాసు, ఇంకా బిల్లు ఎంతవుతుందో అనే భయం.

3. నీ కోర్సు ఏంది?

ఈ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. నా లెక్కలో మొదట అడగాల్సింది ఇదే.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారు చేస్తా ఉంది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చినాయి. మన డిప్లొమా, ఐటీఐ పిల్లల చూపంతా అటే. ఆ పనికి నేర్చుకునే సాలిడ్‌వర్క్స్, కాటియా లాంటివి మాక్ మీద నేరుగా నడవవు. సీమెన్స్ పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ కూడా విండోస్‌దే. ఆటోక్యాడ్‌కు మాత్రం మాక్ వెర్షన్ ఉంది.

బీకాం చెల్లెలికి ట్యాలీ కావాల. ట్యాలీ విండోస్‌దే. డేటా అనలిటిక్స్ నేర్చుకునేవాళ్ల పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌దే. తెలుగు డీటీపీ చేసి ఖర్చులకు సంపాదించుకుందాం అనుకునేవాళ్ల అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కూడా విండోస్ మీద అలవాటైనవే. వేరే సాఫ్ట్‌వేర్ కొని మాక్ లోపల విండోస్ నడపొచ్చు అని యూట్యూబ్‌లో చెప్తారు. దానికి మళ్లీ దుడ్లు, మళ్లీ ఇబ్బంది. లక్ష పెట్టి కొని, మళ్లీ దాంట్లో 40 వేల లాప్‌టాప్ చేసే పని చేయించడానికి తిప్పలు పడటం దేనికి?

పైథాన్, జావా, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకునేవాళ్లకు మాక్ బాగా సరిపోతుంది. వీడియో ఎడిటింగ్, ఐఫోన్ యాప్‌లు చేసేవాళ్లకు ఇంకా బాగా సరిపోతుంది. ఐఫోన్ యాప్ చేయాలంటే మాక్ తప్పనిసరి కూడా. కానీ పైథాన్, జావా ఏ లాప్‌టాప్ మీదైనా నేర్చుకోవచ్చు. ఇంటర్వ్యూలో లాప్‌టాప్ వెనక బొమ్మ చూసి ఉద్యోగం ఇచ్చినోళ్లను నేను చూడలేదు. కోడ్ రాయమన్నప్పుడు రాసినోళ్లకు ఇచ్చినారు.

4. దుడ్ల లెక్క

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు ఉండేది. 99,900ని 307తో భాగిస్తే 325 రోజులు. అప్పుడు ఉపాధి హామీలో ఒక కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఉండేది. అంటే ఇంట్లో అందరూ కలిసి మూడేళ్లకు పైగా గుంతలు తవ్వితే, ఒక్క రూపాయి తిండికి పెట్టకుండా ఉంటే, ఒక లాప్‌టాప్.

దుడ్లు లేవు కాబట్టి అప్పు. మన తాండాల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ మామూలే. విద్యార్థి ధరకు, 90 వేలు అప్పు తెస్తే నెలకు 2,700 వడ్డీ. ఏడాదికి 32,400. డిగ్రీ మూడేళ్లకు వడ్డీయే 97,200 అవుతుంది. అంటే వడ్డీ కింద ఇంకో లాప్‌టాప్ కట్టేసి ఉంటాం, అసలు మాత్రం అట్లనే నిలబడి ఉంటుంది. శెనక్కాయ పంట ఒక ఏడు పోయిందంటే ఆ అసలు ఎప్పటికి తీరుతుందో ఎవరికీ తెలియదు.

ఈఎంఐ పెట్టుకుంటాం అంటారు. విద్యార్థికి జీతం లేదు కాబట్టి ఆ ఈఎంఐ అన్న పేరు మీదో, మామ పేరు మీదో ఉంటుంది. "నో కాస్ట్" అని రాసినా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ మీద జీఎస్టీ ఉంటుంది, ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ చాలాసార్లు పోతుంది. రెండు కంతులు తప్పితే అన్న సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు ఆయన ఆటోకో, ఇంటికో లోన్ అడిగితే బ్యాంకు ఇవ్వదు. అందుకే ఇది ఒక్కరి నిర్ణయం కాదు, ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. మన ఇళ్లలో అమ్మానాన్న చదువు పేరు చెబితే కాదనలేరు. ఎంత అవుతుంది, ఎందుకు అవుతుంది అని తిరిగి అడగలేరు. వాళ్లు అడగలేరు కాబట్టి మనమే రెండుసార్లు అడుక్కోవాల.

5. మరి ఏం కొనాల?

లాప్‌టాప్ వద్దు అని నేను అనడం లేదు. ఫోన్లో ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేసే బాధ మనందరికీ తెలుసు. నేను చెప్పేది ఇది.

కంపెనీలు వాడి తీసేసిన ఆఫీసు లాప్‌టాప్‌లు చూడండి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490 లాంటివి. ఒకటిన్నర కిలో అటు ఇటు ఉంటాయి, మరీ బరువేం కాదు. ర్యామ్ మార్చుకోవచ్చు, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, మామూలు పెన్‌డ్రైవ్ పడుతుంది, ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ ఉంటుంది. టీ480లో వెనక బ్యాటరీని చేత్తోనే తీసి కొత్తది పెట్టొచ్చు. సుమారు 20 నుంచి 30 వేల లోపు దొరుకుతాయి. హిందూపురం నుంచి రైల్లో పోయి వచ్చే దూరంలోనే బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉంది, అక్కడ ఇవే అంగళ్లు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ పైనదే తీసుకోండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. 7వ తరం, అంతకంటే పాతవాటిలో దాదాపు ఏవీ విండోస్ 11కు అధికారికంగా సరిపోవు. అందుకే అవి చౌకగా అమ్ముతా ఉంటారు.
- ప్రతి కీ నొక్కి చూడండి. హింజ్ పది సార్లు తెరిచి మూయండి. చార్జర్ పీకేసి అరగంట వాడి చూడండి.
- ఆన్ చేస్తానే పాస్‌వర్డ్ అడిగినా, పాత కంపెనీ పేరు కనపడినా వద్దు. సెకండ్ హ్యాండ్ మాక్ అయితే యాక్టివేషన్ లాక్ తీసేసి ఉందో లేదో అక్కడే మీ ముందే కొత్తగా సెటప్ చేయించి చూడండి.
- బిల్లు, అంగడి ముద్ర, కనీసం మూడు నెలల వారంటీ రాతలో తీసుకోండి.

చేతిలో అప్పు లేని దుడ్లు 50-60 వేలు ఉండి, కోర్సుకు విండోస్ అవసరం లేకపోతే ఎం1 ఎయిర్ చూడొచ్చు. అప్పుడు కూడా గట్టి కవరు ఒకటి కొనండి, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు గూగుల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. స్టైపెండ్ వచ్చే ఇంటర్న్‌షిప్ దొరికి, సొంత జీతం మీద కొత్తది కొంటే ఇంకా సంతోషం. ఫోటో పెట్టండి, అందరం లైక్ కొడతాం.

6. కొనడం ఒక్కటే దారి కాదు

ఇక్కడే నాకు కొంచెం కోపం కూడా ఉంది. మనం ఎవరికి వాళ్లం అప్పు చేసి కొనుక్కోవడం గురించే మాట్లాడుకుంటాం. అడగాల్సిన చోట అడగం.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే "టాప్ క్లాస్" స్కాలర్‌షిప్‌లో కంప్యూటర్‌కు, దాని సామాన్లకు కోర్సు మొత్తంలో ఒకసారి 45,000 రూపాయల దాకా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాల. కానీ అది ఐఐటీ, ఎన్ఐటీ లాంటి ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకే. మన గ్రూపులో ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి, అట్లాంటి చోట సీటు వస్తే అడగడం మరవొద్దు. మిగిలిన మన ప్రశ్న ఇది. ఎస్టీ విద్యార్థికి కంప్యూటర్ అవసరమని ప్రభుత్వమే ఒప్పుకుని 45 వేలు లెక్కగట్టినప్పుడు, హిందూపురంలో డిగ్రీ చదివే ఎస్టీ విద్యార్థికి ఆ అవసరం లేదా? తమిళనాడు 2011లోనే ప్రభుత్వ పాఠశాలల, కాలేజీల పిల్లలకు ఉచిత లాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టింది. మనం ఆ మాట అడగడానికి కూడా మొహమాటపడతాం.

అది పెద్ద కోరిక అనుకుంటే చిన్నవి అడుగుదాం. రూముకు నాలుగు ప్లగ్గులు. తాళం పడే అల్మారా ఒకటి. హాస్టల్‌కు ఐదు కంప్యూటర్లు, రాత్రి పది దాకా తెరిచే గది ఒకటి. ప్లగ్గులు సరిపడా ఉంటే 18 గంటల బ్యాటరీ కోసం లక్ష పెట్టాల్సిన పని లేదు. తాళం ఉంటే సెలవులకు బరువు మోసుకుని ఇంటికి పోవాల్సిన పని లేదు. పల్చటి లాప్‌టాప్ మనకు అంత అవసరంగా కనపడేది సగం మన హాస్టల్ సరిగ్గా లేనందుకే. హాస్టల్ చేయాల్సిన పనిని మన అమ్మానాన్న అప్పు చేసి చేయకూడదు.

ఈ అడగాల్సిన మాటలు ఒక కాగితం మీద రాస్తా ఉన్నా. మూడు ఊర్ల హాస్టళ్ల నుంచి సంతకాలు చేర్చి జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి పుట్టపర్తిలో ఇద్దామని ఆలోచన. రావాలనుకునేవాళ్లు కింద రాయండి. లాప్‌టాప్ గురించి అడిగేవాళ్లు కూడా రాయండి, కానీ "ఏది మంచిది" అని కాదు. మీ కోర్సు ఏంది, అప్పు లేకుండా చేతిలో ఎంత ఉంది, ఈ రెండూ రాయండి. అప్పుడు మనలో తెలిసినోళ్లు సరైన జవాబు చెప్తారు.